ఆరో వంటింటి ఓవెన్, తెరవరాదన్న మూత

రోజు 232

ఓవెన్ సంగతికి ముందు నా సంగతి.

పదకొండేళ్ల కింద, మేము అంగారకుడి మీద దిగిన నాలుగో రోజున, వంటశాలల కార్యాలయం వాళ్లు నన్ను ఒక బల్ల ముందు నిలబెట్టి ఎంత చదివావని అడిగారు. రెండో తరగతి అన్నాను. జగిత్యాలలో ముప్పై నాలుగేళ్లు బేకరీ ఓవెన్లు బాగుచేశానని కూడా అన్నాను. మొదటి మాట రాసుకున్నారు, రెండోది రాసుకోలేదు. రిజిస్టరులో నా పేరు పక్కన ఇప్పటికీ ఉన్నది ఇది: "కొలిమి మొగిలయ్య. అక్షరజ్ఞానం తక్కువ. తలుపులు, చక్రాలు, బోల్టులు మాత్రమే. బోర్డు మూత తెరవరాదు."

రాసినావిడ పేరు సుభాషిణి. అప్పుడు ముప్పై ఏళ్లుంటాయేమో. ఇప్పుడు అదే కార్యాలయంలో పెద్ద కుర్చీలో ఉన్నారు. ఈ చిట్టా అక్కడికే పోతుంది. చదవరని నాకు తెలుసు. పేరు పక్కన అక్షరజ్ఞానం తక్కువని ఉన్నవాడి చిట్టాను లెక్కలోకి తీసుకోకూడదని వాళ్ల నియమం. లెక్కలోకి రానిదాన్ని చదవడమెందుకు? అయినా నేను రాయకపోతే మాత్రం తప్పు. పదకొండేళ్లుగా రాస్తున్నాను. ఒత్తులు తప్పితే ఈ రాత పలకే దిద్దుతుంది. మాట నాది.

ఇక్కడి సంవత్సరం ఆరువందల అరవై ఎనిమిది రోజులు. ఆ లెక్కన ఆరేళ్లు కూడా కాలేదు. అట్లా చెబితే అవమానం సగానికి తగ్గినట్టు ఉంటుంది కనుక నేను భూమి లెక్కే చెబుతాను.

ఇప్పుడు ఓవెన్. ఆరో వంటింట్లో నలభై ఆరుగురు తింటారు. గాలిని కొలిచి ఇచ్చే చోట మంట పెట్టనివ్వరు కదా, జొన్నరొట్టె అయినా పప్పు అయినా ఓవెన్‌లోకే పోవాలి. ఇవాళ పొద్దున వంట చేసే అసిరమ్మ రొట్టెలు పెట్టింది. అద్దం మీద నూట ఎనభై అని అంకె వెలిగింది. అరగంట తర్వాత తలుపు తీస్తే రొట్టెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చెయ్యి లోపల పెట్టి చూశాను. మా ఊళ్లో మాఘమాసం పొద్దున ఇంతకంటే వెచ్చగా ఉంటుంది.

కార్యాలయానికి చెప్పాను. ఆపి మళ్లీ వేయమన్నారు. వేశాను. మళ్లీ ఆపి మళ్లీ వేయమన్నారు. నాలుగోసారికి వేడెక్కింది. సమస్య తీర్చామని వాళ్లు రాసుకున్నారు. మీట నొక్కింది నా వేలు.

తిండి రెండు గంటలు ఆలస్యమైంది కాబట్టి ఇది మొదటి తప్పు. ముప్పై రోజుల్లో మూడు తప్పులైతే ఓవెన్‌ను ఊడదీసుకుపోతారు, వంటింటికి తాళం వేస్తారు, అందరూ పెద్ద గుమ్మటం నుంచి వచ్చే పొట్లాలు తినాలి. రెండో వంటింటికి ఆ గతే పట్టింది. అక్కడివాళ్లు మధ్యాహ్నం పూట ఏదో పని ఉన్నట్టు మా తలుపు దగ్గర నిలబడి, వాసన చూసి పోతుంటారు.

రోజు 233

నేను ముట్టుకోవచ్చన్నవన్నీ చూశాను. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీలో కాగితం ముక్క పెట్టి మూసి లాగాను. నాలుగు వైపులా గట్టిగా పట్టుకుంది. కాయిళ్లు తెగలేదు. తీగలు వదులు కాలేదు. వేడి కొలిచే పుల్లను వేడినీళ్లలో ముంచితే అంకె పద్ధతిగా పెరిగింది. ఇక మిగిలింది కరెంటును నడిపించే బోర్డు. దాని మూత మీద సీసపు ముద్ర ఉంది. దొంగ దాక్కున్న గది తప్ప ఇల్లంతా వెతకమన్నట్టుంది నా ఉద్యోగం.

నేను నేల మీద పడుకుని తీగలు చూస్తుంటే అసిరమ్మ నా కాళ్లు జరిపి ముగ్గు వేసింది. ఈ మనిషి గురించి ఒక మాట రాయాలి. సోంపేట వైపు మనిషి. ఆమె భర్త అప్పలనరసయ్య, నేను ఒకే ఓడలో వచ్చాం. అతను నాకంటే ఏడాది పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ని. ఇక్కడికి వచ్చిన మూడో ఏట పోయాడు. అందువల్ల అసిరమ్మ వయసులో నాకంటే రెండేళ్లు చిన్నదైనా వరసకు వదినె, ఆ వరసను పట్టుకుని నన్ను ఆడించడం ఆమెకు అలవాటు.

ఇక్కడ ఇళ్లకు గడపలు లేవు, గాలి ఆపే ఇనుప తలుపులే. వాకిలి లేదు. కాబట్టి ఆమె ఓవెన్ ముందే ముగ్గు వేస్తుంది. రాతిపొడితో వేయవచ్చు, ఇక్కడ ఉన్నదంతా రాతిపొడే. కానీ ముగ్గంటే బియ్యప్పిండే అంటుంది. తన వంతు బియ్యంలోంచి రోజూ గుప్పెడు తీసి పిండి విసురుతుంది. పది గంటలకు నేల ఊడ్చే యంత్రం వచ్చి మొత్తం మింగుతుంది. ఆ యంత్రాన్ని ఆమె దున్నపోతు అని పిలుస్తుంది.

"ఎవలకోసం ఏస్తున్నవ్ వదినె, ఈడ చీమ గూడ లేదు," అన్నాను. పదకొండేళ్లుగా అంటున్న మాటే.

"సీమ లేదని ముగ్గు మానీమంటావేటి? సదివేవోడు లేడని నువ్వు రాయడం మానీసినావా?" అంది.

నేను మళ్లీ తీగల వైపు తిరిగాను. ఆమె లేచి వెళ్తూ, ఈమధ్య దున్నపోతు వచ్చేలోపే ముగ్గు పలచబడిపోతోందని, గాలికి ఎగిరిపోతోందేమోనని అంది. గొట్టంలోంచి వచ్చే గాలి ముగ్గును ఎగరేసేంత ఉంటే ఇంకేం కావాలని నవ్వాను.

రోజు 239

రెండో తప్పు. ఈసారి తిరగబడింది. ఓవెన్ వేడెక్కడం మొదలుపెట్టి ఆగలేదు. నూట ఎనభై దాటింది, రెండువందల అరవై దాటింది. మీట కట్టినా కాయిల్ ఎర్రగానే ఉంది. గోడలో ఉన్న పెద్ద మీట లాగేసరికి నలభై ఆరు రొట్టెలూ బొగ్గు. అసిరమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని పళ్లు తోముకోవడానికి పనికొస్తుంది దాచుకోమని నాకిచ్చింది.

బోర్డు మీద రిలే అని చిన్న డబ్బా ఉంటుంది. కాయిల్‌కి కరెంటు వదలాలన్నా ఆపాలన్నా అదే. లోపల రెండు చిన్న బిళ్లలు. కలిస్తే కరెంటు, విడిపోతే లేదు. కలిసినప్పుడు టక్ మంటుంది, విడినప్పుడు టక్ మంటుంది. మూత తెరవరాదన్నారు కానీ వినరాదనలేదు. నా సుత్తి తీసి, పిడి అడుగు బోర్డు మూతకు ఆనించి, సుత్తి తల దగ్గర చెవి పెట్టాను. ఆ పిడి తుమ్మకర్ర, మా నాయన చెక్కినది. దాన్ని ఇక్కడికి ఎట్లా తెచ్చానన్నది ఇప్పుడు అనవసరం.

"ఏటి మరిదీ, పొయ్యి నీ సెవిలో ఏటి సెప్తోంది?" అంది అసిరమ్మ.

"దగ్గొచ్చిందంటున్నది," అన్నాను.

నిజంగా అట్లాగే ఉంది. టక్ మనాల్సిన చోట చప్ అంటోంది. పండిన రేగుపండు మీద కాలేసినట్టు మెత్తటి చప్పుడు. బిళ్లల మధ్య ఏదో ఉంది. కలవనివ్వకపోతే చల్లారుతుంది, కరిగి అంటుకుంటే ఆగదు. రెండు రోగాలకూ మూలం ఒకటే. ఇంకోటి కూడా గమనించాను. వంటింటికి ఏడు రోజులకొక సెలవు. రెండు తప్పులూ సెలవు మర్నాడు పొద్దుటే జరిగాయి. వాడినప్పుడు బాగుండి, ఊరికే ఉన్నప్పుడు చెడిపోయే యంత్రాన్ని నేను ముప్పై నాలుగేళ్లలో చూడలేదు.

ఇదంతా కార్యాలయానికి చెప్పాను. ఆపి మళ్లీ వేయమన్నారు.

రోజు 240

బోర్డు మూత తెరిచే అనుమతి అడిగాను. రిజిస్టరు ప్రకారం వీలుపడదని జవాబు వచ్చింది. కొత్త బోర్డు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. భూమి నుంచి ఓడ రావడానికి నూట తొంభై రోజులు. మూత తెరవగల మనుషులు ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ గాలి యంత్రాల దగ్గర పనిలో ఉన్నారు. ఆ మాటకు నేను ఎదురు చెప్పను. గాలి ముందు, రొట్టె తర్వాత.

మధ్యాహ్నం అందరూ తిని లేచాక అసిరమ్మ ఖాళీ కంచాలు పేర్చకుండా కూర్చుంది. వంటిల్లు మూస్తే ఆమెను పెద్ద గుమ్మటంలో పొట్లాలు పేర్చే పనికి వేస్తారు. పని తేలికే కదా, ఈ వయసులో నడుముకు సుఖం కదా అని ఊరడించబోయాను. ఆమె ఊరడింపు కోరుకున్నట్టు లేదు.

"పొట్లం కత్తిరించి నోట్లోకి పిండుకునేవోడు సెయ్యి కడుక్కోడు మరిదీ. పక్కోడి కంచంలోకి సూడ్డు. ఉప్పు తక్కువైందని నన్ను తిట్టడు. రెండో వంటింటోలు ఒకలితో ఒకలు మాటాడుకోడం ఎప్పుడైనా సూసినావా నువ్వు?"

చూడలేదు. ఇంతకుముందు వాళ్లు మా అందరికంటే ఎక్కువ పోట్లాడుకునేవాళ్లు.

రోజు 246

నిన్న సెలవు. ఇవాళ మూడో తప్పు. అంకె వెలిగింది, ఓవెన్ చల్లగా ఉంది.

కార్యాలయం మూడో తప్పు రాసుకుని, ఐదు రోజుల్లో మనిషిని పంపి ఓవెన్ తీసుకుపోతామని చెప్పింది. నేను మాట్లాడే పెట్టె కట్టేశాను. సీసపు ముద్రకు ఉన్న తీగను కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించాను. ఇది నేనే చేశాను, అసిరమ్మ చెయ్యలేదు. ఆమె పక్కన నిలబడి దీపం పట్టుకుంది, అది కూడా నేను పట్టమంటేనే.

మూత తీశాను. రాసేముందు కొంచెంసేపు కూర్చున్నాను. ఎట్లా రాసినా మీరు నమ్మరు.

బోర్డు మీద చీమలు ఉన్నాయి.

ఒకటి రెండు కాదు. నల్లవి, సన్నవి, మా ఊళ్లో చలిచీమలనేవి. రిలే డబ్బా చుట్టూ బారు కట్టి తిరుగుతున్నాయి. డబ్బా అంచున వెంట్రుకంత సందు ఉంది, అందులోంచి లోపలికీ బయటికీ నడుస్తున్నాయి. డబ్బా మూత ఊడదీస్తే బిళ్లల మధ్య నలిగినవి, మాడినవి పదిహేడు లెక్కపెట్టాను. బోర్డు మూలన, ఎప్పుడూ వెచ్చగా ఉండే చోట, తెల్లటి గుడ్లు. వాటి పక్కన తెల్లటి పొడి కుప్ప. వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. బియ్యప్పిండి.

అసిరమ్మ దీపం కింద పెట్టేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"పదకొండేళ్లు," అంది. "పదకొండేళ్లు నన్ను ఎక్కిరించినావు కదా మరిదీ. ఇప్పుడు అడుగు, ముగ్గు ఎవులుకోసరమని."

రోజు 247

ఓవెన్ బాగుపడింది. చీమలను, గుడ్లను మెత్తటి కుంచెతో ఓవెన్ వెనక గోడ వారకు దించి, డబ్బా దులిపి, బిళ్లలను సన్నటి ఉప్పుకాగితంతో ఒక్కోదాన్ని ఒక్కసారి రుద్ది, బట్టతో తుడిచాను. సందును వేడికి కరగని బంకతో మూశాను. తీగలు లోపలికి పోయే కంతను కూడా మూశాను. ఇవాళ పొద్దున సుత్తి పిడి ఆనించి విన్నాను. టక్. మళ్లీ టక్. ఇంత చక్కటి చప్పుడు ఈ గ్రహం మీద నేను వినలేదు. రొట్టెలు పొంగి, అంచులు మాత్రమే ఎర్రబడ్డాయి. ఉప్పు తక్కువైందని నలుగురు తిట్టారు. అసిరమ్మ చాలా సంతోషించింది.

ఇప్పుడు కారణం రాయాలి. కారణం రాయకుండా బాగైందని మాత్రం రాయడం కార్యాలయం వాళ్ల పద్ధతి, నాది కాదు.

చీమలు ఇక్కడికి ఎట్లా వచ్చాయి? భూమి నుంచి ఏ కర్ర తెచ్చినా దాన్ని రెండు రోజులు వేడిగదిలో పెట్టాలని నియమం ఉంది. పెడితే తుమ్మకర్ర పగులుతుంది. సుత్తి తల బరువని ఓడ ఎక్కే చోటే పడేయించారు, ఊరుకున్నాను. పిడిని మాత్రం పంచెలో చుట్టి నడుముకు కట్టుకుని వచ్చాను. నిన్న సాయంత్రం సుత్తి తల ఊడదీసి చూశాను. పిడి నెత్తిన పెసరగింజ పట్టేంత తొర్ర ఉంది. లోపల చాలా పాత మట్టి. ఆ తొర్ర మా నాయన హయాంలో లేదు. నేను ఎన్నడూ చూసుకోలేదు. దిగిన మొదటి నెలలో ఈ పిడిని ఓవెన్ వెనక గోడకు ఆనించి, కొత్త తల పోతపోసేదాకా అక్కడే ఉంచాను.

కాబట్టి మొదటి తప్పు నాది. రెండోది అసిరమ్మది, రోజూ పొద్దున అన్నం పెట్టింది. మూడోది కార్యాలయానిది. ఇన్నేళ్లూ అవి గోడలో వేడినీళ్ల గొట్టం పక్కన బతికాయి, ఎవరి జోలికీ రాలేదు. కరెంటు పొదుపని రోజు 190 నుంచి మీరు గోడ గొట్టాలు చల్లబరిచారు. చలికి అవి పక్కనే ఉన్న బోర్డులోకి దిగాయి. ఓవెన్ వాడని రోజున చప్పుడు లేక రిలే దాకా ధైర్యంగా వచ్చేవి, మర్నాడు పొద్దున మొదటి టక్‌కి నలిగిపోయేవి. ముగ్గురం మూడు వంతులు పంచుకోవాల్సిన తప్పు ఇది. నా వంతు నేను రాసుకున్నాను.

రోజు 250

చీమలు ఇల్లు మారాయి. చంపడానికి చేతులు రాలేదు. అది దయ అనుకోకండి. పదకొండేళ్లు ఎవరికీ కనపడకుండా కాపురం చేసినవాళ్లను తీసిపారేయడం నాకు నచ్చలేదు, అంతే.

వంటింటి మూలన తొట్టిలో సొరపాదు ఉంది. సుత్తి పిడిని ఆ మట్టిలో సగం దాకా పాతాను. తొర్రలో బెల్లపు పాకం చుక్క వేశాను. ఓవెన్ వెనక నుంచి తొట్టి దాకా అసిరమ్మ బియ్యప్పిండితో సన్నగా గీత గీసింది, రెండు రోజులు దున్నపోతును గరిటెతో అదిలించి తరిమింది. మొదటి రోజు చీమల్లో ఎవరూ కదల్లేదు. రెండో రోజు నలుగురు వచ్చి చూసిపోయారు. మూడో రోజు గుడ్లు మోసుకుని మొత్తం బారు కదిలింది. భోజనానికి వచ్చినవాళ్లు కంచాలు చేత్తో పట్టుకుని గోడ వెంట నిలబడి తిన్నారు, దారికి అడ్డం రాకుండా. రెండో వంటింటివాళ్లు కూడా వచ్చారు. వాళ్లలో ఇద్దరు, అందరికంటే ముందున్న చీమ ఆడదా మగదా అని గట్టిగా పోట్లాడుకున్నారు.

నాకిప్పుడు సుత్తికి పిడి లేదు. ఇనుప గొట్టం తొడిగాను. చేతికి చల్లగా ఉంటుంది, అలవాటవుతుంది.

రోజు 251

ఇవాళ సుభాషిణిగారు ఇద్దరు మనుషులతో, బండితో వచ్చారు.

జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టినట్టు కనపడలేదు. ఓవెన్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టారు. "మాఘమాసం కంటే వెచ్చగానే ఉందే," అన్నారు. అని, చప్పున చెయ్యి తీసేసుకున్నారు. నేను ఓవెన్ తలుపు మూశాను. అసిరమ్మ ఏమిటన్నట్టు నా వైపు చూసింది.

తెగిన ముద్ర చూసి ఎవరు తెరిచారని అడిగారు. నేనే అన్నాను. ఎందుకని అడిగారు. పోపుల పెట్టె మూతలో దాచిన పదిహేడు మాడిన చీమలను చేతికిచ్చాను. ఆవిడ కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చూశారు. బతికినవి ఉన్నాయా అని చాలా చిన్న గొంతుతో అడిగారు. నేను నోరు తెరిచేలోపు అసిరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని సొరపాదు దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ పొద్దుటి ముగ్గు ఇంకా ఉంది. చీమలు దాన్ని ఒక మూల నుంచి ఎత్తుకుపోతున్నాయి.

పెద్ద కుర్చీ మనిషి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నేల మీద గొంతుక్కూర్చుంది. బండితో వచ్చిన ఇద్దరూ కూర్చున్నారు. వాళ్లలో ఒకతను చీమ దారికి వేలు అడ్డం పెడితే అది వేలెక్కింది. ఆవిడ దాన్ని పోనివ్వమన్నారు. తర్వాత, రేపల్లెలో వాళ్ల అమ్మమ్మ పంచదార డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టేదని, ఇక్కడికి వచ్చాక ఆ పళ్లెం సంగతే మరిచిపోయానని అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు.

లేచాక మళ్లీ అధికారి అయ్యారు. ఇక్కడ ఉండనిచ్చే ప్రాణుల పట్టికలో లేనిది కనబడిందని వంటింటి చిట్టాలో ఉంటే, మూడు రోజులు వంటింటినంతా వేడిపెట్టాలి. సొరపాదు, చింతపండు, చీమలు అన్నీ పోతాయి. అది నియమం.

"చిట్టాలో రాసిన," అన్నాను.

"మీ చిట్టా లెక్కలోకి రాదు," అన్నారు ఆవిడ. ఆ మాట అని నా వైపు తిరిగారు. "మొగిలయ్యగారూ, ఆ రోజు మీ పేరు పక్కన నేను రాసిన మాట తప్పు. మీరు బోర్డు బాగుచేసిన తీరు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఇప్పుడే, మీ ముందే కొట్టేస్తాను. కానీ కొట్టేసిన క్షణం నుంచి మీ చిట్టా లెక్కలోకి వస్తుంది. అందులో చీమలున్నాయి."

చీమల ముక్క తీసేసి మళ్లీ రాస్తే సరిపోతుంది కదా అని వచ్చినవాళ్లలో ఒకతను సలహా ఇచ్చాడు. పదకొండేళ్లుగా ఇందులో నేను అబద్ధం ఒకటి రాయలేదు, చదివేవాళ్లు లేకపోయినా రాయలేదు, ఇప్పుడు మొదలుపెట్టనని చెప్పాను.

"కొట్టించుకో మరిదీ," అంది అసిరమ్మ. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు. "ఇన్నేళ్లూ ఆ మాట నువ్వెలా మోసినావో నాకెరుక. సీమల సంగతి నాను సూస్కుంటాను."

సుభాషిణిగారు కలం తీశారు. ఆ కలం వంక చూశాను. నిద్రలో కూడా చూసిన కలమే అది. తర్వాత తొట్టి వంక చూశాను. మా నాయన పిడి సగం మట్టిలో ఉంది. దాని మీద ఒక చీమ తన కంటే పెద్ద పిండి పలుకును పైకి లాగుతోంది, జారుతోంది, మళ్లీ లాగుతోంది.

"ఉండనియ్యుండ్రి మేడమ్," అన్నాను. "ఇన్నేండ్లు ఉన్నది, ఇంకొన్ని దినాలు ఉంటది. నేను చదువు రానోణ్నే."

ఆవిడ కలం లోపల పెట్టుకున్నారు. మూతకు కొత్త సీసపు ముద్ర తనే వేశారు. తన పుస్తకంలో "ఓవెన్ పనిచేస్తోంది. మూడో తప్పుకు కారణం తెలియలేదు" అని రాసుకున్నారు. వెళ్లేముందు అసిరమ్మ వడ్డిస్తే ముగ్గురూ తిన్నారు. ఉప్పు సరిపోయిందన్నారు. అసిరమ్మకు కోపం వచ్చింది.

రోజు 252

వంటశాలల కార్యాలయం వారికి.

ఇది లెక్కలోకి రాని చిట్టా కనుక చదివామని ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. జవాబు మాత్రం ఇవ్వాలి.

ఏటేటా పాదుల మట్టిని వేడిపెట్టే పని మా వంటింటికి రోజు 267న వస్తుంది. చీమలను ఆ తొట్టిలో పెట్టినప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు. ఇది నా రెండో తప్పు, రాసుకోండి. ఆలోగా వాటి పేరు పట్టికలోకి ఎక్కకపోతే, గోడలో పదకొండేళ్లు దాక్కుని బతికినవి నా చేతుల మీదుగా పోతాయి.

మనుషుల మధ్య మూడేళ్లు హాని చెయ్యకుండా బతికిన ప్రాణిని పట్టికలో చేర్చవచ్చని మీ నియమాల పుస్తకంలోనే ఉందట. నిన్న సుభాషిణిగారు చేతులు కడుక్కుంటూ ఆ మాట గోడతో చెప్పారు. మావి భూమి లెక్కన పదకొండేళ్లు, మీ లెక్కన దాదాపు ఆరు. ఏ లెక్కన చూసినా మూడు దాటింది. మూడు పూటల తిండి ఆలస్యం చేసి, ఒక పూట రొట్టెలు మాడ్చడం హాని కిందికి వస్తుందని మీరంటే, అందులో ఒక వంతు గొట్టాలు చల్లబరిచిన కార్యాలయం మీద పడుతుంది. అప్పుడు మిమ్మల్ని కూడా పట్టికలోంచి తీసేయాలి.

కావలసింది రెండు పనులు. ముందు చీమలను పట్టికలో ఎక్కించండి. అది అయిన తర్వాత నా పేరు పక్కన ఉన్న మాట కొట్టేయండి. ఈ వరస తప్పితే ఒప్పుకోను. ముందు నన్ను దిద్ది, ఆ తర్వాత ఈ చిట్టా చేత్తో పట్టుకుని వేడిగొట్టాలతో వస్తే, సొరతొట్టి ముందు నేను, అసిరమ్మ, నలభై నలుగురు కూర్చుని ఉంటాం. రెండో వంటింటివాళ్లు కూడా వస్తామన్నారు. వాళ్లకిప్పుడు పోట్లాటకు ఒక సాకు దొరికింది.

సుభాషిణిగారూ, మాఘమాసం సంగతి నేను రోజు 232న రాశాను. ఇంకెవరికీ చెప్పలేదు. మీరు ఎన్నేళ్లుగా చదువుతున్నారో అడగను. కానీ చదివి ఊరుకోవడం ఇక కుదరదు.

జవాబు రోజు 266 సాయంత్రం భోజనాల వేళకు అందాలి. నోటిమాట కాదు, రాతలో కావాలి, కింద సంతకం ఉండాలి. నేనే చదువుకుంటాను. ఆపి మళ్లీ వేయమని మాత్రం రాయకండి.

కొలిమి మొగిలయ్య
ఆరో వంటిల్లు